ఫోనుకు వచ్చే అప్‌డేట్: ఎందుకు, ఎప్పుడు, ఎలా?

పాల సంఘాల సభ్యులకు ఫోను ఇప్పుడు మాట్లాడుకొనే సాధనం మాత్రమే కాదు. ఉదయం పాలు పోసి ఇంటికి చేరేలోపే ఎన్ని లీటర్లు పోశాము, వెన్న శాతం ఎంత వచ్చింది, రేటు ఎంత పడింది అన్న వివరం చాలాచోట్ల ఫోనుకే అందుతున్నది. పాల బిల్లు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది. ఆ ఖాతా తాళంచెవి కూడా ఫోనులోనే ఉంటున్నది. ఇటువంటి ఫోను తెరమీద అప్పుడప్పుడు ఒక ప్రకటన వస్తుంది: సిస్టమ్ అప్‌డేట్ సిద్ధంగా ఉన్నది అని. ఏమి మార్చారో చూద్దామని కిందికి చదివితే సాధారణంగా మూడే మాటలుంటాయి. పనితీరు మెరుగుదల, భద్రత, దోషాల సవరణ. ఏ నెల చూసినా అవే మాటలు. చదివినా తెలిసేదేమీ లేదు గనుక చాలామంది "తరువాత" అన్న మీట నొక్కి ఊరుకుంటారు.

ఇలా ఊరుకొంటే నష్టం ఏమైనా ఉన్నదా? "అప్‌డేట్ చేస్తే బాగున్న ఫోను కూడా నెమ్మదిస్తుందట" అన్న మాటలో నిజమెంత? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలంటే ముందుగా ఆ మూడు మాటల వెనుక జరిగే పని ఏమిటో తెలియాలి. పేర్లు ఇంగ్లీషువి అయినా సంగతి మనకు మరీ కొత్తదేమీ కాదు. సంఘం వ్యవహారం చూసినవారికి త్వరగానే పట్టుబడుతుంది.

ఫోనులోని కార్యదర్శి

ఫోనులో మనకు పైకి కనిపించేవి యాప్‌లు. బ్యాంకుది ఒకటి, వాట్సాప్ ఒకటి, వాతావరణానికి ఒకటి. వీటన్నిటి వెనుక ఒక పెద్ద ప్రోగ్రాము నడుస్తూ ఉంటుంది. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. పాలకేంద్రంలో కార్యదర్శి ఎటువంటివాడో ఫోనులో అది అటువంటిది. తూకం, పరీక్ష యంత్రం, రిజిస్టరు, క్యాన్లు, నగదు పెట్టె – వీటిమీద ఏ సభ్యుడూ నేరుగా చేయి వేయడు. ఏది కావాలన్నా కార్యదర్శి ద్వారానే జరగాలి. అదే విధంగా ఏ యాప్‌కు కెమెరా కావలసినా, సందేశాలు చదవవలసినా, కొంచెం చోటు కావలసినా ఆపరేటింగ్ సిస్టమును అడిగి తీసుకోవలసిందే. ఒక యాప్ సంగతి మరొక యాప్‌కు తెలియకుండా కాపాడేదీ అదే.

మన దేశంలో అత్యధిక ఫోన్లలో ఉండేది గూగుల్ వారి ఆండ్రాయిడ్. యాపిల్ వారి ఐఫోన్లలో ఐఓఎస్ అనేది ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోను మొదటిసారిగా 2008లో అమ్మకానికి వచ్చింది. ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ అనే మరొక ప్రోగ్రాము. ఆ పునాది ఒక్కటే రెండు కోట్ల పంక్తులు దాటిన రాత. దాని పైన గూగుల్ వారు రాసినది, చిప్పు తయారుచేసినవారు రాసినది, ఫోను కంపెనీవారు చేర్చినది వేరు. పది రోజుల పాల పద్దులోనే ఒక్కొక్కసారి కూడిక తప్పుతుంది. వేలమంది చేతుల మీదుగా కోట్ల పంక్తులు రాసినచోట తప్పు దొర్లకుండా ఉండడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుచేత ఫోను పెట్టెలోనుంచి బయటికి వచ్చిన రోజుతో దాని తయారీ ముగిసిపోదు. తప్పులు బయటపడుతూ ఉంటాయి, దిద్దుతూ ఉంటారు. ఆ దిద్దుబాటే అప్‌డేట్.

తెలుగు అక్షరం తెచ్చిన తంటా

మూడు మాటలలో సులువుగా అర్థమయ్యేది దోషాల సవరణ. ఈ దోషాన్ని ఇంగ్లీషులో బగ్ అంటారు, అంటే పురుగు. ఆ మాట బాగానే కుదిరింది. వంకాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తేగాని లోపలి పురుగు కనిపించదు.

ఇటువంటి పురుగు ఒకటి 2018 ఫిబ్రవరిలో బయటపడి ప్రపంచమంతా పత్రికలకెక్కింది. దానికి కారణం మన తెలుగు అక్షరమే. "జ్ఞానం" అన్న మాటలో మొదటి అక్షరం ఉన్నది కదా, ఆ "జ్ఞా" ఒక ప్రత్యేకమైన రూపంలో ఐఫోనుకు చేరితే, దానిని చూపబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. సందేశాల యాప్, వాట్సాప్, ఫేస్‌బుక్ – ఏదైనా సరే. ఆ యాప్‌ను మళ్లీ తెరిస్తే అదే అక్షరాన్ని మళ్లీ చూపబోయి మళ్లీ మూతపడేది. సందేశం వచ్చిందని తెరమీద చూపే చోటికి గనుక ఆ అక్షరం చేరితే ఫోను మొత్తమే మాటిమాటికీ ఆగి మొదలవుతూ ఉండేది. కొందరు ఆకతాయిలు దీనిని ఆటగా తీసుకొని తెలిసినవారికీ తెలియనివారికీ ఆ అక్షరాన్ని పంపించారు.

ఇది ఎందుకు జరిగిందో కొంచెం చెప్పుకోవాలి. మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల వలె ఒకదాని పక్కన ఒకటి నిలబడేవి కావు. జ కు పొల్లు చేరి, కింద ఞ వత్తు పడి, పైన దీర్ఘం పడితే ఒక్క "జ్ఞా" అవుతుంది. ఇన్ని ముక్కలను ఒక అక్షరంగా పేర్చే పని ఫోను లోపల ఒక ప్రోగ్రాము చేస్తుంది. దీనికి తోడు కంప్యూటరులో తెలుగు రాసేవారు కంటికి కనిపించని గుర్తు ఒకటి వాడతారు. "ఇక్కడ కలపకు" అని చెప్పే గుర్తు అది. ఈ వ్యాసంలోనే "అప్‌డేట్" అన్న మాటలో ప కింద డ వత్తు పడకుండా ఆపుతున్నది అదే. ఆ గుర్తును జ్ఞ కు, దీర్ఘానికి నడుమ ఇరికిస్తే అక్షరాలు పేర్చే ప్రోగ్రాము లెక్క తప్పి కూలిపోయింది. మామూలుగా రాసే "జ్ఞానం"తో ఏ ఇబ్బందీ లేదు. ఎవరూ కావాలని రాయని వరుస అది. ఎవరూ రాయరు గనుకనే పరీక్షించేటప్పుడు ఎవరికీ తోచలేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ కొన్ని అక్షరాలకు ఇదే జబ్బు ఉన్నట్లు ఆ తరువాత తేలింది.

యాపిల్ వారు 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్‌ను విడుదల చేశారు. ఐఫోనుతో పాటు వారి కంప్యూటర్లకు, చేతి గడియారాలకు కూడా ఆ రోజే దిద్దుబాటు వచ్చింది. అప్‌డేట్ పెట్టుకున్న ఫోనులో ఆ అక్షరం మామూలుగా కనిపించింది. పెట్టుకోని ఫోనుకు బెడద అలాగే ఉండిపోయింది. దోషాల సవరణ అన్న రెండు మాటల వెనుక ఇంత కథ ఉండవచ్చు. ఎక్కడో అమెరికాలో తయారయ్యే సరుకులో మన భాషకు సంబంధించిన తప్పు ఉంటే దానిని మొదట చూడగలిగేది మనమే. తెలుగులో ఏదైనా యాప్ తప్పుగా కనిపిస్తే తయారీదారుకు ఫిర్యాదు పంపే ఏర్పాటు ఆ యాప్‌లోనే ఉంటుంది. దానిని వాడుకోవడానికి వెనుకాడవలసిన పని లేదు.

పొర్లిన క్యాను

ప్రతి దోషమూ ఇలా ఫోనును ఆపి ఊరుకోదు. కొన్ని దోషాలు బయటికి ఏమీ తెలియనివ్వకుండా దొంగకు దారి తీసిపెడతాయి. భద్రత అన్న మాట వీటికోసం.

2014లో ఐఫోనులోనే ఒక తప్పు దొరికింది. బ్యాంకు వంటి చోట్లకు ఫోను మాట్లాడేటప్పుడు ఎదుట ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అని సరిచూసే ప్రోగ్రాములో ఒకే పంక్తి పొరపాటున రెండుసార్లు పడింది. ఆ రెండవ పంక్తి వలన చివరి పరీక్ష జరగకుండానే "అంతా సరే" అని తేలిపోయేది. పైకి ఏమీ తెలియదు, ఫోను చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. దారిలో కాపువేసినవాడు మాత్రం బ్యాంకు వేషం కట్టవచ్చు. దానిని 2014 ఫిబ్రవరి 21న సరిదిద్దారు.

ఆండ్రాయిడ్ చరిత్రలో బాగా పేరుపడిన దోషం మరుసటి సంవత్సరం వచ్చింది. దాని పేరు స్టేజ్‌ఫ్రైట్. దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవడం మంచిది. ఎందుచేతనంటే ఫోన్ల భద్రతకు సంబంధించిన దోషాలలో చాలా భాగం ఈ జాతివే.

ఒక పాలకేంద్రంలో రిజిస్టరులో లీటర్లు రాసే గడిలో మూడంకెలకే చోటున్నది అనుకుందాము. 999 దాటితే మళ్లీ 000 నుంచి మొదలు. ఒకనాడు 999 లీటర్ల మీద మరొక 41 లీటర్లు చేరాయి. మొత్తం 1040. కాని గడిలో పడేది 040. కార్యదర్శి ఆ అంకె చూసి 40 లీటర్ల క్యాను ఒకటి చాలునని పెడతాడు. పోసేవాడు మాత్రం ఉన్న పాలన్నీ పోస్తూ పోతాడు. క్యాను పొర్లి పక్కనున్న రిజిస్టర్లు, చీటీలు, అన్నీ తడిసిపోతాయి.

స్టేజ్‌ఫ్రైట్‌లో జరిగినది సరిగ్గా ఇదే. అది వీడియోలను విప్పి చూపే ప్రోగ్రాము. వీడియోలోని ఒక ముక్క ఎంత పెద్దదో ఆ వీడియోలోనే రాసి ఉంటుంది. ప్రోగ్రాము రెండు అంకెలను కూడి అంత చోటు తీసిపెడుతుంది. అక్కడి గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య 429 కోట్ల చిల్లర. అది దాటితే మళ్లీ సున్నా. దొంగ కావాలనే అంత పెద్ద అంకె రాసి పంపితే మొత్తం చిన్నదై కనిపిస్తుంది. చిన్న చోటు తీస్తుంది, పెద్ద సరుకు పోస్తుంది. పొర్లినది పక్కనున్న జ్ఞాపకస్థలం మీద పడుతుంది. పాలు పొర్లితే రిజిస్టరు తడుస్తుంది, అంతే. ఇక్కడ పొర్లేది రాత. అక్కడున్న పాత ఆజ్ఞలు చెరిగి దొంగ రాసి పంపిన ఆజ్ఞలు వాటి స్థానంలో చేరుతాయి. ఫోను వాటినే తన ఆజ్ఞలనుకొని నడుచుకుంటుంది.

ఇందులో భయపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. వీడియోను సందేశంగా పంపితే చాలు, కొన్ని ఫోన్లు యజమాని తెరవకముందే దానిని విప్పి సిద్ధం చేసేవి. అంటే మనం ఏ తప్పూ చేయనక్కరలేదు, మన ఫోను నంబరు తెలిస్తే చాలు. జింపీరియం అనే సంస్థలోని జాషువా డ్రేక్ ఈ దోషాన్ని కనిపెట్టి 2015 ఏప్రిల్‌లో గూగుల్‌కు తెలియజేశాడు. జులైలో లోకానికి వెల్లడి అయింది. 95 కోట్ల ఫోన్లకు ఈ ప్రమాదం ఉన్నదని ఆ సంస్థ అంచనా వేసింది. తీరా దిద్దుబాటు పంపిన తరువాత దానిలో ఒక సవరణ సరిగా కుదరలేదని ఆగస్టులో మరొక సంస్థ చూపించింది. ఆ సవరణ మొత్తం నాలుగే పంక్తులు. దానిని మళ్లీ దిద్దవలసి వచ్చింది. ఒక అప్‌డేట్ వచ్చిన కొద్ది రోజులకే మరొకటి వస్తే విసుక్కునే వారికి ఇది జవాబు కావచ్చు.

ఈ దారిన ఫోను దొంగలపాలైనట్లు ధ్రువపడిన కేసు ఒకటీ లేదని గూగుల్ భద్రతాధికారి 2017లో చెప్పారు. కనుక జరిగిన దానికంటె భయం ఎక్కువైన మాట నిజం. అయినా ఆ భయం వలన ఒక మేలు జరిగింది. అంతకుముందు భద్రతా సవరణలకు ఒక వేళాపాళా ఉండేది కాదు. 2015 ఆగస్టు నుంచి గూగుల్ నెలనెలా ఏయే దోషాలు దిద్దినదీ ప్రకటించడం మొదలుపెట్టింది. శామ్‌సంగ్, ఎల్‌జీ వారు కూడా నెలనెలా సవరణలు ఇస్తామన్నారు. క్యాను పొర్లే అవకాశమే లేకుండా రాయగల రస్ట్ అనే భాషలో కొత్త భాగాలను రాయడం కూడా ఆ తరువాత మొదలైంది. ఆండ్రాయిడ్‌లో బయటపడిన భద్రతా దోషాలలో ఇటువంటి జ్ఞాపకస్థలపు తప్పులు 2019లో నూటికి 76 ఉండగా 2024 నాటికి 24కు తగ్గాయని గూగుల్ చెబుతున్నది.

టీకా ఆలస్యమైతే

గాలికుంటు టీకా సంగతి సభ్యులకు తెలిసినదే. మన దేశంలో వేసే టీకా ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాల వైరసుకు పనిచేస్తుంది. ఒక రకానికి వేసిన టీకా మరొక రకాన్ని ఆపదు. ఒకసారి వేయించి జీవితకాలం ఊరుకుందామంటే కుదరదు, ఆరు నెలలకొకసారి వేయించాలి. భద్రతా అప్‌డేట్ కూడా ఇటువంటిదే. తెలిసిన దోషాలను మాత్రమే అది మూస్తుంది. వచ్చే నెల మరొకటి బయటపడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఫోను పరిస్థితి పశువుకంటె కష్టం. టీకా వేశారన్న కబురు వైరసుకు తెలియదు. దోషం దిద్దామన్న ప్రకటనను దొంగ కూడా చదువుతాడు. ఏ కిటికీకి కొత్తగా గడియ పెట్టారో చూస్తే, గడియ పెట్టుకోని ఇళ్లలో ఏ కిటికీ తెరిచి ఉన్నదో తెలిసిపోతుంది. అందుచేత ప్రకటన వెలువడిన తరువాత "తరువాత" అనుకుంటూ గడిపే రోజులే ఎక్కువ ప్రమాదకరమైనవి.

అయితే ఆలస్యం ఎప్పుడూ మనదే కాదు. ఐఫోను సంగతి వేరు. ఫోనూ, దానిలోని ప్రోగ్రామూ ఒకే కంపెనీవి గనుక సవరణ తయారైన రోజునే అందరికీ చేరుతుంది. ఆండ్రాయిడ్ దారి పొడుగు. గూగుల్ దిద్దినది చిప్పు తయారీదారు దగ్గరకు, అక్కడినుంచి ఫోను కంపెనీకి వెళ్లాలి. వారు తమ ఒక్కొక్క మోడలుకు సరిపడేలా మార్చి, పరీక్షించి విడుదల చేయాలి. పల్లెలో పిండిన పాలు పాలకేంద్రం, శీతలీకరణ కేంద్రం, డెయిరీ దాటి ప్యాకెట్టుగా మారినట్లు ఇన్ని మజిలీలు. కంపెనీవారు ఖరీదైన మోడళ్లకు ముందు చేస్తారు, తక్కువ ధర ఫోన్లకు మూడు నెలలకొకసారి, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా చేస్తారు. మన ఊళ్లలో ఎక్కువగా ఉండేవి ఈ తక్కువ ధర ఫోన్లే. ఇది న్యాయమని మేము అనలేము.

ఈ దారిని కుదించడానికి గూగుల్ రెండు పనులు చేసింది. 2017లో ఆండ్రాయిడ్ 8తో చిప్పుకు సంబంధించిన భాగాన్ని మిగతా వ్యవస్థనుంచి విడదీసింది. ఒకదానిని మార్చినప్పుడు రెండవదానిని కదిలించనక్కర లేకుండా పోయింది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని ముఖ్య భాగాలను ఫోను కంపెనీతో నిమిత్తం లేకుండా తానే నేరుగా పంపే ఏర్పాటు చేసుకున్నది. ఫోను సెట్టింగులలో "గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్" అని వేరుగా కనిపించేది ఇదే. వీడియోలు విప్పే భాగాలు కూడా ఇందులో చేరాయి.

ఫోను నెమ్మదిస్తుందన్న మాట

పనితీరు అన్న మూడవ మాట దగ్గరే సభ్యులకు అనుమానం ఎక్కువ. పూర్తిగా నిరాధారమైన అనుమానం కాదు.

మంచి జరిగిన సందర్భాలు ముందు చూద్దాము. యాప్ రాసిన భాష వేరు, చిప్పుకు అర్థమయ్యే భాష వేరు. పాత ఆండ్రాయిడ్ యాప్ నడిచిన ప్రతిసారీ అప్పటికప్పుడు అనువదించేది. పూటపూటా మేత కోసి, నరికి వేసినట్లు. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చి, యాప్ పెట్టినప్పుడే మొత్తం అనువదించి ఉంచే పద్ధతి తెచ్చింది. మేతంతా ముందే యంత్రంలో నరికి కొట్టంలో నిలవ చేసినట్లన్నమాట. యాప్‌లు వేగంగా నడిచాయి గాని కొట్టం నిండిపోయింది. అప్‌డేట్ జరిగిన ప్రతిసారీ ఉన్న యాప్‌లన్నిటినీ మళ్లీ అనువదించడానికి చాలాసేపు పట్టేది. 2016లో ఆండ్రాయిడ్ 7 నడిమి దారి పట్టింది: ఎక్కువగా వాడే భాగాలను మాత్రం ఫోను చార్జింగులో ఖాళీగా ఉన్నప్పుడు అనువదించి ఉంచుతుంది, మిగతావాటిని అవసరాన్ని బట్టి చూసుకుంటుంది. పెద్ద అప్‌డేట్ తరువాత ఒకటి రెండు రోజులు ఫోను వేడెక్కడం, కొంచెం నెమ్మదించడం, చార్జి త్వరగా దిగడం వంటివి కనిపించడానికి ఇటువంటి లోపలి సర్దుబాట్లే తరచుగా కారణం. ఆ రెండు రోజులు చూసి అప్‌డేట్ చెడగొట్టిందని తీర్మానించడం తొందరపాటు. 2015లో ఆండ్రాయిడ్ 6 తెచ్చిన మరొక మార్పు వలన, ఫోను కదలకుండా తెర ఆరి ఉన్నప్పుడు వెనుక నడిచే యాప్‌లు కునుకు తీస్తాయి. రాత్రి పెట్టిన చార్జి తెల్లారి పాలకేంద్రానికి పోయేసరికి మిగిలి ఉండడానికి ఇదీ ఒక కారణం.

ఇక చెడ్డపేరు తెచ్చిన సందర్భం. 2017 జనవరిలో యాపిల్ విడుదల చేసిన ఐఓఎస్ 10.2.1 తరువాత పాత ఐఫోన్లు నెమ్మదించాయని వాడుకదారులు గోలపెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులో కంపెనీ నిజం ఒప్పుకున్నది. బ్యాటరీ పాతబడిన ఫోన్లు హఠాత్తుగా ఆరిపోతున్నాయి గనుక అలా జరగకుండా చిప్పు వేగాన్ని తామే తగ్గించామన్నది. ముసలి ఎద్దు కూలబడకుండా బరువు తగ్గించినట్లే, ఆ పని తప్పని మేమూ అనము. చెప్పకుండా చేయడమే తప్పు. బ్యాటరీ మారిస్తే సరిపోయే చోట జనం కొత్త ఫోను కొనుక్కున్నారు. యాపిల్ క్షమాపణ చెప్పి 2018లో బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. ఆ ఏడాది మార్చిలో బ్యాటరీ ఆరోగ్యం ఎంత ఉన్నదో చూసుకొనే వీలు ఫోనులోనే పెట్టింది. అమెరికాలో నడిచిన దావాలను 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించే రాజీతో ముగించుకున్నది.

కనుక ఫోను నెమ్మదించిందని అనిపిస్తే ముందు బ్యాటరీ ఎంత పాతదో, లోపల ఖాళీ చోటు ఎంత ఉన్నదో చూడండి. ఫొటోలు, వీడియోలతో నిండిపోయిన ఫోనుకు అప్‌డేట్ ఎక్కదు, ఎక్కినా కదలదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వేగం తగ్గితే మనకు తెలుస్తుంది, భద్రత తగ్గితే తెలియదు. తెలిసే నష్టానికి జడిసి తెలియని నష్టాన్ని నెత్తిన పెట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

చేయవలసిన పద్ధతి

ఫోను సెట్టింగులలో "ఫోను గురించి" అన్నచోట ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే భద్రతా అప్‌డేట్ తేదీ ఒకటి కనిపిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో "భద్రత" అన్నచోట ఉంటుంది. మీ ఫోను ఎంతవరకు టీకా వేయించుకున్నదో చెప్పే చీటీ ఆ తేదీయే. మూడు నాలుగు నెలలలోపు తేదీ అయితే ఫరవాలేదు. ఏడాది దాటితే "సిస్టమ్ అప్‌డేట్" తెరిచి కొత్తది ఏమైనా వేచి ఉన్నదేమో చూడాలి. అక్కడ కూడా ఏమీ లేకపోతే ఆ మోడలుకు కంపెనీ అప్‌డేట్లు మానివేసి ఉండవచ్చు.

పాలు పోసే వేళ ఈ పని పెట్టుకోవద్దు. సంఘం ఫోను అయితే సాయంత్రం సేకరణ ముగిసి, లెక్క పంపిన తరువాత మొదలుపెట్టండి. చార్జి సగానికి పైగా ఉండాలి, వీలైతే చార్జింగులోనే ఉంచాలి. పెద్ద అప్‌డేట్ వందల మెగాబైట్ల నుంచి గిగాబైట్ల దాకా ఉంటుంది గనుక వైఫై దొరికే చోట చేసుకుంటే రోజువారీ డేటా మిగులుతుంది. అప్‌డేట్ వలన ఫొటోలు, నంబర్లు మామూలుగా పోవు. అయినా ముఖ్యమైనవాటికి నకలు ఉంచుకోవడం ఎప్పుడూ మంచిదే. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందన్న భయం కూడా ఇప్పుడు చాలావరకు తీరింది. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతిలో పాత వ్యవస్థను కదిలించకుండా పక్కన వేరుగా కొత్తదానిని సిద్ధం చేసి, ఫోను తిరిగి మొదలైనప్పుడు దానికి మారుతుంది. కొత్తది నడవకపోతే పాతదే నడుస్తుంది. కొత్త ఫోన్లలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉన్నది.

కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరాలు ఎన్ని అని అడిగే ముందు భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని దుకాణంలో అడగండి. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8కు, 2024లో శామ్‌సంగ్ తన ఎస్ 24కు ఏడేళ్లు ఇస్తామని ప్రకటించాయి. అవి ఖరీదైనవి. తక్కువ ధర ఫోన్లకు ఈ గడువు బాగా తగ్గుతుంది, మోడలును బట్టి మారుతుంది. యూరపు దేశాల కూటమిలో 2025 జూన్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడలు అమ్మకం ఆగిపోయిన తరువాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. ఐదేళ్లు అప్‌డేట్లు వచ్చే ఫోను వెయ్యి రూపాయలు ఎక్కువైనా, రెండేళ్లకే ఆగిపోయేదానికంటె చౌక పడుతుంది.

అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోనును పారవేయనక్కర లేదు. మాట్లాడుకోవడానికి, పాటలకు, పంట ధరలు చూడడానికి ఉంచుకోండి. దానిలోనుంచి బ్యాంకు యాప్‌లను, డబ్బు పంపే యాప్‌లను తీసివేయండి. ఖాతాకు ముడిపెట్టిన సిమ్ కార్డును అప్‌డేట్లు వస్తున్న ఫోనులోకి మార్చుకోండి. ఇంట్లో రెండు ఫోన్లుంటే, డబ్బు వ్యవహారం చిన్నవాళ్లు ఆటలాడే ఫోనులో కాక రెండవదానిలో ఉండడం మేలు.

చివరగా ఒక హెచ్చరిక. అప్‌డేట్ అన్న మాట వాడుకొని మోసం చేసేవారు తయారయ్యారు. బ్యాంకు పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో, కరెంటు బిల్లు పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు పంపి, ఇది నొక్కి యాప్‌ను అప్‌డేట్ చేసుకోండి అంటారు. నొక్కితే ఆ దొంగ యాప్ మన సందేశాలను చదివి బ్యాంకువారు పంపే రహస్య సంఖ్యను అవతలివారికి చేరవేస్తుంది. నిజమైన సిస్టమ్ అప్‌డేట్ ఫోను సెట్టింగులలోనే వస్తుంది. యాప్‌ల అప్‌డేట్ ప్లే స్టోరులోనే వస్తుంది. వాట్సాప్‌లోగాని, సందేశంలోని లింకులోగాని, ఫోను చేసి చెప్పినవారి మాటమీదగాని రాదు. మీ సంఘం కార్యదర్శి పేరుతో వచ్చినా సరే, ఆయనను పాలకేంద్రంలో కలిసి అడిగిన తరువాతే ముట్టుకోండి. పొరపాటున నొక్కి డబ్బు పోయినట్లు తెలిస్తే ఆ క్షణమే ఫోనులో డేటా ఆపివేసి, వేరొక ఫోనునుంచి 1930 నంబరుకు చెప్పండి. ఇది సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. ఆ వెంటనే మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి. పోయిన మొత్తం, సమయం, లావాదేవీ సంఖ్య చేతిలో ఉంచుకొని మాట్లాడితే పని త్వరగా జరుగుతుంది.